రిలీవర్ రాని వీరుడు

మధ్యయుగాల ఐరోపా గురించి నాకు సరిగ్గా ఒక పేపరంత తెలుసు. ఎం.ఏ. హిస్టరీలో అది ఐచ్ఛికం. ఎంచుకున్నవాళ్ళం ముగ్గురం, అందులో ఒకడు పొరపాటున ఎంచుకున్నాడు. కవచాలు, ప్రతిజ్ఞలు, స్వామిభక్తి, గుర్రాల మీద ఊరూరూ తిరిగి ఆపదలో ఉన్నవాళ్ళను వెతికి మరీ కాపాడే యోధులు, వీళ్ళందరి గురించి అడిషనల్ షీట్లు అడిగి తీసుకుని రాసి, పట్టా పుచ్చుకుని, భిలాయి తిరిగొచ్చి బాత్రూమ్ టైల్స్ కొట్టు పెట్టాను. చదువు దండగైందని మా వాళ్ళు అంటారు. పూర్తిగా కాలేదు. కోటగోడలా కనిపించే టైల్స్ కావాలని ఎవరైనా అడిగితే, ఏ శతాబ్దం కోట అని తిరిగి అడగగల వ్యాపారి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఇంతవరకూ ఎవరూ శతాబ్దం చెప్పలేదు.

అందుకే అలాంటి యోధుల సినిమా ఒకటి మాల్‌కి వచ్చినప్పుడు మా అమ్మాయి నేరుగా నా దగ్గరికొచ్చింది. పన్నెండో క్లాసు చదువుతోంది.

"నాన్నా, వో నైట్స్ వాలీ పిక్చర్ ఆయీ హై. నీ సబ్జెక్ట్ కదా. టికెట్లు నువ్వే తియ్యాలి," అంది.

మా అమ్మాయి తెలుగు ఇలాగే ఉంటుంది. సమాచారం హిందీలో, వసూలు తెలుగులో.

హాల్లో జనం పెద్దగా లేరు. హిందీ డబ్బింగ్. యోధులందరూ పౌరాణిక సీరియల్ హిందీలో మాట్లాడుతున్నారు. గొలుసు కవచం వేసుకున్న ఒక తెల్లవాడు తల వంచి "జో ఆజ్ఞా మహారాజ్" అన్నప్పుడు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే అనుకుంటాను. పావుగంట పోయాక మళ్ళీ నవ్వలేదు. ఇంటర్వెల్‌లో పిల్లకు పాప్‌కార్న్ కొనడం కూడా మర్చిపోయాను. ఆ సంగతి ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకు చెబుతుంది.

కథ చిన్నది. ఆ దేశాల్లో వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్న వీరగాథ ఒకటి తీసుకుని, దానికి తమ ఊహ కలిపారట. ఒక లోయ, దాని మీద చెక్క వంతెన. అవతలి ఒడ్డున పొగమంచుతో చేసిన రాక్షసులు, ఇవతల రాజ్యం. పూర్వం ఒక రాజు ఒక యోధుణ్ణి ఆ వంతెన మీద నిలబెట్టి, చేతికి ఈటె ఇచ్చి, నీ చోటు తీసుకోవడానికి ఇంకొకడు వచ్చేదాకా కదలకు అని చెప్పి వెళ్ళిపోయాడు. తరువాత ఆ రాజు పోయాడు, ఆయన కొడుకు పోయాడు. ఇంకొకణ్ణి పంపాలన్న సంగతి అందరూ మరిచారు. ఆ వంతెన మీద కాలం సరిగ్గా నడవదు కాబట్టి యోధుడు మాత్రం పోలేదు. ముసలివాడై అక్కడే ఉన్నాడు. కవచం మీద నాచు పట్టింది. శిరస్త్రాణంలో తేనెటీగలు తేనెపట్టు పెట్టాయి. ఆయన తల తిప్పినప్పుడల్లా హాలంతా సన్నగా ఝుమ్మంటుంది.

ఇన్నేళ్ళకు కొత్త రాజుకు పట్టాభిషేకంలో పట్టుకోవడానికి ఆ ఈటె కావలసివచ్చింది. తీసుకురమ్మని ఒక యువ యోధుణ్ణి పంపాడు. అతనికి ఆ హోదా మేనమామ సిఫారసు మీద వచ్చింది. ఈ ఒక్క విషయంలో మా ఊరి ప్రేక్షకులకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

ఆ సినిమా తీసినవాళ్ళ నిగ్రహం నాకు నచ్చింది. రాక్షసుణ్ణి తయారు చేయడానికి బోలెడు ఖర్చు పెట్టి ఉంటారు. పెట్టి, చివరికి ఒక భుజం చూపించారు, ఒకసారి చెవి చూపించారు. మిగతాదంతా మంచు. యుద్ధం వస్తుందని కుర్చీ చివరకు జరిగి కూర్చున్నవాళ్ళను అలాగే కూర్చోబెట్టి, యుద్ధం లేకుండానే ఇంటికి పంపారు. వంతెన పలకల మీద తేమ, తుప్పు రంగు, తడి గుర్రం ఒంటిమీంచి లేచే ఆవిరి, ఇవన్నీ ఎంత ఓపిగ్గా తీశారంటే, మర్నాడు కొట్టు తెరిచి మా "రస్టిక్ స్టోన్ ఫినిష్" టైల్స్ వంక చూడబుద్ధి కాలేదు. మంచి సినిమా చూస్తే వ్యాపారానికి ఇలాంటి నష్టం తప్పదు.

నాకు అన్నిటికంటే నచ్చిందీ, అర్థం కానిదీ ఒకటే ఘట్టం. యువ యోధుడు ముసలాయన దగ్గరికి వెళ్ళి, ఇక నేనొచ్చాను, మీరు ఇంటికి వెళ్ళండి అంటాడు. ఆయన కదలడు. ఇంకోసారి విసుగ్గా అంటాడు. కదలడు. కత్తి దూసి అంటాడు. అప్పుడూ అంతే. తరువాత గుర్రం పారిపోతుంది, తెచ్చుకున్న రొట్టె అయిపోతుంది. అతను నీరసపడి ముసలాయన పక్కన కూలబడి, వంతెన కింద ఆ చప్పుడేమిటి అని అడుగుతాడు. ముసలాయన అతని వైపు చాలాసేపు చూస్తాడు. చెప్పడం మొదలుపెడతాడు. ఏ పలక పుచ్చిపోయింది, ఏ గాలి వీస్తే రాక్షసుడు దగ్గరికొస్తాడు, వచ్చినప్పుడు పొడవక్కర్లేదు, వాడికి కనిపించేలా నిలబడితే చాలు, తేనెటీగలకు ఏ వేళకు దారి వదలాలి, ఇలా చెప్పీ చెప్పీ చివరికి లేచి నిలబడతాడు. శిరస్త్రాణం తీస్తాడు. తేనెటీగలు బంగారు పొగలా పైకి లేస్తాయి. ఈటె చేతులు మారుతుంది.

అన్నిసార్లు లేవనివాడు అప్పుడెందుకు లేచాడో నాకు తెలియలేదు. తెలియకపోయినా కళ్ళు మండాయి. పాప్‌కార్న్ ఉప్పు అనుకుందామంటే, పాప్‌కార్న్ కొనలేదని ముందే చెప్పాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఎలా ఉందని అడిగింది. జోకేమీ వేయకుండా, బాగానే ఉందన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, స్టీల్ ప్లాంట్‌లో కరిగిన ఉక్కు మోసే క్రేన్ నడిపి, రిటైరై, స్మృతి నగర్‌లో ఈ ఇల్లు కట్టించాడు. అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన దగ్గర్నుంచి ఆయన ఆమె గది విడిచిపెట్టలేదు. తినిపించేది ఆయనే, తిప్పి పడుకోబెట్టేది ఆయనే, మాత్రలు నూరి ఇచ్చేది ఆయనే. చూసినవాళ్ళు ఆహా అనేవారు. మేమూ అన్నాం, కొన్నాళ్ళు. ఆ తరువాత ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ముందు కుడి కన్ను ఆపరేషన్ చేయించాలి, ఆలస్యం చేస్తే కష్టమవుతుంది అని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసిన పూటే ఇంటికి పంపేస్తారు. కానీ ఆ తరువాత కొన్నాళ్ళు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, అంటే అమ్మను ముట్టుకోకూడదు. నాన్న తేదీ తీసుకునేవాడు. తేదీ వచ్చిన రోజు అమ్మకు దగ్గుగా ఉందనేవాడు.

ఒకరోజు అమ్మ బీపీ మాత్ర బదులు తన మోకాళ్ళ నొప్పుల మాత్ర నూరి అరటిపండులో కలిపాడు. మా ఆవిడ ఖాళీ రేకు చూసి సమయానికి గిన్నె లాక్కుంది కాబట్టి సరిపోయింది. ఆయన ఆ పూట అన్నం తినలేదు. మర్నాటి నుంచి ప్రతి రేకూ మా ఆవిడకు చూపించి, పేరు చదివించుకుని, అప్పుడు నూరేవాడు. నూరే పని మాత్రం ఇవ్వలేదు.

ఆయా ఒకామెను పెట్టాం. ఆమె మా అమ్మకు జుట్టు దువ్వుతుంటే నాన్న వెనకాల నిలబడి చూసేవాడు. ఆమె అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. వారం తిరక్కుండా మా ఆవిడతో, "దీదీ, పని బాగానే ఉంది, ఇన్‌స్పెక్షనే ఎక్కువగా ఉంది," అని చెప్పి మానేసింది.

నేను మాత్రం ఏమీ చేయలేదనడానికి లేదు. వీలైనప్పుడల్లా గదిలోకి వెళ్ళి, "నువ్వెళ్ళు నాన్నా, నేను చూసుకుంటాను," అనేవాణ్ణి. ప్రేమగా అన్నాను. కోపంగా అన్నాను. డాక్టరు రాసిచ్చింది చేతిలో పట్టుకుని కూడా అన్నాను. ఆయన "ఊఁ" అనేవాడు. కుర్చీ ఇంకొంచెం మంచం దగ్గరికి జరుపుకునేవాడు. ఈ మనిషి చూపు పోయేదాకా ఇక్కడే కూర్చుంటాడని నాకూ మా ఆవిడకూ నమ్మకం కుదిరిపోయింది. చూపు పోయాక కూడా కూర్చుంటాడు, అప్పుడు ఏ మాత్ర ఎవరికి వేస్తాడో అన్నదే మా భయం.

ఆ సినిమా కొన్ని వారాలకు ఇంట్లో చూసుకునేలా వచ్చింది. మా పెద్ద టీవీ అమ్మ గదిలో ఉంటుంది. అమ్మకు సినిమాలంటే ప్రాణం. ప్లాంట్ వాళ్ళ సెక్టార్‌లో క్వార్టర్ ఉన్న రోజుల్లో కాలనీ ఆడవాళ్ళను వెంటేసుకుని, జంతికల డబ్బాతో మ్యాట్నీకి వెళ్ళేది. ఇప్పుడు మాట సగమే వస్తుంది. కొన్ని పదాలు మిగిలాయి, వాటిని పొదుపుగా వాడుతుంది. చూపూ వినికిడీ మాత్రం ఇంట్లో అందరికంటే బాగున్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి వాళ్ళ నాయనమ్మ కోసం ఆ సినిమా పెట్టింది. నేను తలుపు దగ్గర పేము మోడా వేసుకుని రెండోసారికి సిద్ధమయ్యాను. నాన్న అమ్మకు చెంచాతో జావ పోస్తున్నాడు. సినిమా చూసే ఉద్దేశం ఆయనకు లేదు.

"టీవీ పాడయ్యిందేటి? అంతా తెల్లగుంది," అన్నాడు కాసేపటికి.

"పొగమంచు తాతా. కోహరా హై," అంది మా అమ్మాయి.

"ఓహో. నాకు రోజూ కనిపించినట్టే ఉంది."

కళ్ళు బాగున్న వాళ్ళు చాలామంది ఈ సినిమాలో ఏమీ కనిపించడం లేదని ఇంటర్నెట్‌లో తిట్టారు. శుక్లాలున్న మా నాన్న ఒక్కడే ఏ ఇబ్బందీ లేకుండా చూశాడు.

"ఆ ముసిలోడు అక్కడేటి చేస్తన్నాడు?"

"డ్యూటీ తాతా. బ్రిడ్జి మీద కాపలా."

"ఏ షిఫ్టు?"

"షిఫ్ట్ కుఛ్ నహీ తాతా. హమేషా."

"హమేషా ఏటి? రిలీవర్ నేడా?"

"పంపాలి. రాజా భూల్ గయా."

నాన్న గిన్నె బల్ల మీద పెట్టాడు. "రాజు మరిచిపోతాడు, రాజుకి సవాలక్ష పన్లు. టైమ్ ఆఫీసోడు ఏటి చేస్తన్నాడు మరి? ఈళ్ళకి యూనియన్ నేదేటి?"

అమ్మ నవ్వింది. ఆమె నవ్వు ఎడమవైపే వస్తుంది, కానీ పూర్తిగా వస్తుంది. నాన్న కుర్చీ టీవీ వైపు తిప్పుకున్నాడు. జావ సంగతి మర్చిపోవడం ఆయన విషయంలో అదే మొదటిసారి.

తెర మీద యువ యోధుడు గుర్రం దిగాడు. ముసలాయన ముందు నిలబడి, మీరు ఇంటికి వెళ్ళండి, నేనున్నాను అన్నాడు.

"ఎల్లడు," అన్నాడు నాన్న.

"తాతా, ఆప్‌నే పహ్లే దేఖీ హై క్యా?"

"సూడక్కర్నేదమ్మా. ఛార్జి అడగనోడికి సీటెవుడిస్తాడు?"

మోడా మీద నేను కాస్త ముందుకు జరిగాను. "అడగడమంటే ఏమిటి నాన్నా? అడిగాడు కదా, మీరు వెళ్ళండి నేను చూసుకుంటాను అని."

"అది అడగడమేట్రా? అది సెప్పడం." నాన్న తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "నాకు ఉతై ఊరి నుంచి ఒక భయ్యా రిలీవర్‌గా వొచ్చేవోడు. సైకిల్ మీద. వాన్లో తడిసిపోయి వొచ్చినా సరే, క్రేన్ ఎక్కి ముందర ఏటనేవోడు? 'కా హాల్ హే?' అనేవోడు, పరిస్తితి ఏటని. నా హాల్ కాదు, క్రేన్ హాల్. బ్రేకు ఎలాగుంది, తాడు ఎలాగుంది, కింద ఎవులెవులున్నారు, ఉక్కు పోసిన లాడిల్లో సరుకెంతుంది. అదంతా ఇనీవోడు. ఇన్నాక నాను లేచీవోణ్ణి. మద్దిలో కొన్నాళ్ళు ఇంకొకడొచ్చినాడు. మంచోడే. రావడం రావడమే, 'మీరెల్లిపోండి, నాను సూసుకుంటాను' అనీవోడు. ఆడికి ఒక్కనాడూ సీటివ్వనేదు నాను. ఫోర్‌మెన్ వొచ్చి దింపితే దిగీవోణ్ణి."

"అంత కోపమా అతని మీద?"

"కోపమేటి? కింద మనుషులు తిరుగుతుంటారు, పైన మరిగిన ఉక్కు. ఏటి సూడాలో తెలీనోడు సూసుకుంటానంటే ఎలాగ దిగుతాను? కాళ్ళు రావు."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ వయసు పిల్లలు ఏమీ అనకుండా చూసే చూపు ఒకటుంది. దానికి జవాబుగా నేను కిటికీ కర్టెన్ సర్దాను.

ఆ తరువాత ఘట్టం నాన్న తనిఖీ చేస్తున్నట్టు చూశాడు. ముసలాయన ఒక్కో సంగతీ చెబుతుంటే, "ఊఁ, పలక సెప్పీసినాడు... గాలి సెప్పీసినాడు... ఆ తేనెటీగల సంగతి మరిచిపోతాడేటి... ఆఁ, సెప్పినాడు," అని పక్కన లెక్క చూసుకున్నాడు. ఈటె చేతులు మారగానే వెనక్కి వాలాడు. ముసలాయన కొండ దిగుతున్నాడు. అడుగు అడుగుకీ ఒంటిమీది నాచు రాలిపోతోంది. కింద ఒక రాయి మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆ చోట సంగీతం కూడా ఆపేశారు. అంత ఖరీదైన సినిమాలో అంత నిశ్శబ్దం పెట్టడానికి ధైర్యం కావాలి.

"పోయినాడేటి?" నాన్న గొంతులో కంగారు.

"నహీ తాతా. సో గయా."

"పడుకోనీ. ఎన్ని డబుల్ డ్యూటీలు చేసినాడో."

దర్శకుడి ఉద్దేశం ఇది కాకపోవచ్చు. ఆయన ఏ ప్లాంట్‌లోనూ పని చేసి ఉండడు. ఆ వంతెన మృత్యువనీ, తేనెటీగలు జ్ఞాపకాలనీ, ఆ ఈటె ఇంకేదో అనీ నేను చదివిన వ్యాసాల్లో ఉంది. అవన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం సినిమా మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ నచ్చింది. మొదటిసారి బొమ్మ బాగుందనుకున్నాను. రెండోసారి, బొమ్మ తీసినవాడికి మనుషులు ఎప్పుడు కుర్చీలోంచి లేస్తారో తెలుసుననిపించింది.

కొట్టుకు సెలవున్న రోజు పొద్దున్న అమ్మ గదిలోకి వెళ్ళాను. నాన్న మంచం దుప్పటి సర్దుతున్నాడు. ఏమని అడగాలో దారిలో రెండు మూడు రకాలుగా అనుకున్నాను గానీ, గడప దాటేసరికి ఒకటే మిగిలింది.

"అమ్మ పరిస్థితి ఏటి నాన్నా?" అన్నాను.

నేను సీరియస్‌గా అడిగిన ప్రశ్నలు మా ఇంట్లో తక్కువ. పెళ్ళిచూపుల్లో కూడా ఒక్కటీ అడగలేదని మా ఆవిడ చెబుతుంది. కాబట్టి నాన్న అనుమానపడటంలో తప్పు లేదు.

"ఏట్రా, ఏళాకోళమా?"

"కాదు. చెప్పు."

ఆయన నా దగ్గరికొచ్చాడు. ఆ కళ్ళతో మొహం పోల్చుకోవాలంటే బాగా దగ్గరికి రావాలి. నవ్వుతున్నానేమోనని నా నోటి చివరలు చూశాడు. మంచం మీంచి అమ్మ కూడా అదే చూస్తోంది. నవ్వకుండా ఉండటానికి నేను పడ్డ కష్టం ఇద్దరికీ కనిపించే ఉంటుంది. కానీ నవ్వలేదు.

"ఇటు రా," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమవైపుకు తిప్పేటప్పుడు భుజం పట్టుకుని లాగకూడదు, నడుం కింద చెయ్యి వెయ్యాలి. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలి, పల్చటిది. స్నానం చేయించే ముందు మడమలు చూడాలి, ఎర్రబడితే ఆ పక్క పడుకోబెట్టకూడదు. కుడి చెయ్యికి చలి తెలీదు, కాబట్టి మనమే ముట్టుకుని చూస్తూ ఉండాలి. నీళ్ళు గ్లాసుతో ఇవ్వకూడదు, గడ్డం కిందికి దించి చెంచాతో పొయ్యాలి. "ఊఁ" అని పొడుగ్గా అంటే చాలని, పొట్టిగా అంటే ఇంకా కావాలని. ఫ్యాన్ తిన్నగా తగలకూడదు, కానీ తిరగకపోతే ఊరుకోదు.

"ఫిజియో కుర్రోడు వొచ్చినప్పుడు నిద్దరోయినట్టు పడుకుంటాది. నమ్మకు," అన్నాడు.

అమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పరిస్థితి ఆమె ముందే చెబుతున్నామన్న ధ్యాస మా ఇద్దరికీ లేదు.

"ఇంకొకటి. తినేటప్పుడు నువ్వు జోకులెయ్యకు. నవ్విందంటే పొలమారుతాది. డాక్టరు మరీ మరీ చెప్పినాడు. మిగతా టైములో నీ ఇష్టం."

వైద్యశాస్త్రం నా హాస్యాన్ని అంత తీవ్రంగా పరిగణించడం అదే మొదటిసారి. తలూపాను. ఆ పూట మాత్రలు నేనే నూరాను. నాన్న వెనకాల నిలబడలేదు. పక్కన నిలబడ్డాడు. నేను అమ్మను తిప్పినప్పుడు మొదటిసారి భుజం పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి తీసి నడుం కింద పెట్టాడు. రెండోసారి ఆయన కుర్చీలో కూర్చుని చూశాడు. మధ్యాహ్నానికి కుర్చీ హాల్లోకి వెళ్ళింది. సాయంత్రం టీ తాగుతూ, కప్పులోకి చూస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు, "ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ అడుగు," అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి విని, ఏమీ విననట్టు కుక్కర్ దింపింది.

ఆ రోజు రానే వచ్చింది. ఆసుపత్రికి ఆయనతో మా ఆవిడ వెళ్ళాలి, ఇంట్లో అమ్మ దగ్గర నేనుండాలి. ఆటో గేటు ముందు ఆగింది. అమ్మను వీల్‌చైర్‌లో వరండాలోకి తీసుకొచ్చాను. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు.

"ఒరే. మడమలు."

"చూస్తాను నాన్నా."

మళ్ళీ గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. "ఆ పల్చటి దిండు ఉతికినాను. దండెం మీదుంది."

"తీస్తాను."

"మావయ్యగారూ, పదిలోపు అక్కడుండాలట," అంది మా ఆవిడ ఆటోలోంచి.

"చలే బాబూజీ?" అన్నాడు ఆటో అతను.

నాన్న ఒక చెయ్యి ఆటో కమ్మీ మీద, ఒక కాలు ఆటోలో వేసి ఆగిపోయాడు. చెప్పవలసింది ఇంకేమీ లేదు. అన్నీ చెప్పేశాడు, నేను అన్నీ తిరిగి అప్పజెప్పాను కూడా. అయినా ఎక్కలేదు. అటు తిరిగి నిలబడ్డాడు, వీపు మాత్రం మా వైపు వింటోంది. ఈసారి తిరిగి లోపలికొచ్చాడంటే ఇక వెళ్ళడని మా ఆవిడ మొహంలో కనిపిస్తోంది. నువ్వెళ్ళు నాన్నా అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. దాని పనితనం నాకు తెలుసు.

అప్పుడు వీల్‌చైర్‌లో అమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది. పెదవి ఒక పక్కకు లాగి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఎల్లి," అంది.

నాన్న తల తిప్పాడు. అమ్మ రెండో మాట కోసం కష్టపడుతోంది. గొంతు దగ్గర నరం లేచింది. సాయం చేద్దామని నేను వంగబోయాను. ఆమె చేత్తో నన్ను ఆపింది. ఆటో అతను కూడా ఇంజన్ ఆపేశాడు, ఎందుకో. నాన్న ఒక కాలు ఆటోలో, ఒక కాలు రోడ్డు మీద పెట్టుకుని అలాగే ఉన్నాడు. మాకెవరికీ తొందర లేదన్నట్టు నిలబడ్డాం.

"రండి," అంది అమ్మ.

ఆయన రెండో కాలు కూడా లోపల పెట్టి కూర్చున్నాడు.

ఆటో వీధి చివర మలుపు తిరిగేదాకా అమ్మ చెయ్యి దించలేదు. దించాక చాలా అలిసిపోయింది. కుర్చీ లోపలికి తిప్పబోతే వద్దన్నట్టు చూసింది. వరండాలోకి ఎండ పల్చగా వస్తోంది. నేను కింద కూర్చుని ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాని తరువాత ఒకటి మడమలు చూశాను. ఎక్కడా ఎరుపు లేదు. ఆమె కుడి చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. శాలువా తెచ్చి కప్పాను.